మన కబురు చేరవలసిన ఇంటికి చేరాలంటే

(షోలాపూర్‌లో జరిగిన ఉపకార వేతనాల పంపిణీ సభలో, ట్రస్టు తరఫున ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ పనులు చూడబోయే విద్యార్థి కార్యకర్తలనుద్దేశించి ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



"సామాజిక మాధ్యమాలలో నలుగురినీ ఆకట్టుకునేలా వ్రాయడం ఎలా" అన్నది నాకిచ్చిన అంశం. ఆహ్వాన పత్రికలో ఈ మాట చూసి మా మనవరాలు పడీపడీ నవ్వింది. "తాతా, పొద్దున్నే గులాబీ పువ్వుతో గుడ్ మార్నింగ్ పెట్టడం తప్ప నీకేం వచ్చు?" అన్నది. ఆమె మాటలో తప్పేమీ లేదు. నేను బి.కాం. చదివి ముప్పై ఆరేళ్లు బ్యాంకులో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. కథలు, వ్యాసాలు వ్రాసిన అనుభవం లేదు. పదవీ విరమణ చేశాక ఖాళీగా ఉన్నానని పెద్దలు ఈ ట్రస్టు వాట్సాప్ గ్రూపులు, ఫేస్‌బుక్ పేజీ నా చేతిలో పెట్టారు. ఆ పనిలో నేను కొన్ని తప్పులు చేశాను. అందులో ఒక తప్పు వలన మన వాడకట్టులోని ఒక ఆడపిల్లకు ఒక సంవత్సరం ఉపకార వేతనం పోయింది. ఈ రోజు మీకు చెప్పడానికి నా దగ్గర ఉన్నది ముఖ్యంగా ఆ అనుభవమే.

2021లో కరోనా కారణంగా సభలు, సమావేశాలు లేవు. ప్రకటన అంతా ఫోన్ల మీదనే నడవాలి. నేను చాలా శ్రద్ధగా ప్రెస్సుకు వెళ్లి ఒక బొమ్మ చేయించాను. పైన మార్కండేయ మహర్షి పటం. దాని కింద పన్నెండు మంది ధర్మకర్తల ఫోటోలు, పేర్లు, హోదాలు. తరువాత ట్రస్టు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు. ఆ తరువాత "మన సమాజ సర్వతోముఖాభివృద్ధికి అహర్నిశలు పాటుపడుతున్న" అంటూ నాలుగు వరుసలు. ఉపకార వేతనం అన్న మాట ఎక్కడో మధ్యలో. చివరి తేదీ అడుగున, పూల అంచు మీద, చీమ తలకాయంత అక్షరాలలో. దానిని అన్ని గ్రూపులలో పెట్టాను. చేతులు జోడించిన బొమ్మలు, పువ్వులు, బొటనవేళ్లు కుప్పలుగా వచ్చి పడ్డాయి. ఫేస్‌బుక్‌లోనైతే పుణె నుంచి, ముంబాయి నుంచి కూడా "అభినందనలు" అని వ్రాశారు. నేను రాత్రి పది గంటల వరకు కూర్చుని లెక్కపెట్టుకున్నాను. మా ఇంటావిడ "ఇంకా పడుకోరా?" అని రెండుసార్లు కేకేసింది కూడా. తీరా గడువు ముగిశాక చూస్తే దరఖాస్తులు ఇరవై కూడా లేవు. అవసరం ఉన్న పిల్లలు ఈ ఏడాది తక్కువేమో అనుకుని ఊరుకున్నాము. ఈ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉన్నది.

మరుసటి ఏడాది నారళీ పౌర్ణమి నాడు, మార్కండేయ స్వామి రథం వెనుక నడుస్తుండగా మా పక్క వీధి చెల్లెలు ఒకామె కలిసింది. బీడీలు చేసుకుని బ్రతికే ఇల్లు. కూతురు డిప్లొమాలో చేరిందని, ఫీజుకు వడ్డీకి తెచ్చామని చెప్పింది. "మరి మన ట్రస్టుకు ఎందుకు పెట్టలేదమ్మా?" అన్నాను. "ఎప్పుడు పెట్టమన్నరు సారూ?" అన్నది. నేను నా ఫోనులోని ఆ బొమ్మ తీసి చూపించాను. ఆమె దానిని గుర్తుపట్టింది.

"ఇదా సారూ? ఇది మా ఫోన్ల గూడ వచ్చింది. పెద్దోళ్ల ఫోటోలున్నయి గద, ఏదో సన్మానం పత్రిక అనుకున్నం. సన్మానానికి మేమెందుకు వస్తం?"

పక్కనే ఉన్న కూతుర్ని అడిగాను, నువ్వైనా చదవలేదా అని. "తెలుగు మాట్లాడ్త గాని చదవనీకి రాదు తాతా. మాది మరాఠీ మీడియం" అన్నది ఆ పిల్ల.

తల్లి మాట ఒకటి, కూతురి మాట ఒకటి. ఈ రెండు మాటలలో నా ప్రకటన లోపాలన్నీ వచ్చేశాయి. కబురు ఆ ఇంటికి చేరింది. అది తమ కోసమేనని మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

పూర్వం మా బ్యాంకులో డబ్బు తీసుకోవడానికి వచ్చినవారికి ఇత్తడి టోకెన్ ఇచ్చేవాళ్లము. పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. సాయంత్రం క్యాష్ సరిచూసేటప్పుడు ఎన్ని టోకెన్లు ఇచ్చామని మేనేజరుగారు అడగరు, ఎంత చెల్లింపు జరిగిందని అడుగుతారు. లైకులు, పువ్వులు టోకెన్లవంటివి. నేను టోకెన్లు లెక్కపెట్టుకుని సంతోషించాను. పోస్టు బాగుందా లేదా అన్నదానికి మన ట్రస్టుకు కొలత ఒక్కటే: అది ఎవరి కోసం పెట్టామో వారు చదివి, కదిలి, మన దగ్గరకు వచ్చారా? మెచ్చుకున్నవారు చాలావరకు పిల్లలు ఉద్యోగాలలో స్థిరపడిన ఇళ్లవారే. వారి మెప్పు కాదనను. వారు దాతలు కూడా. అయితే దాతలకు వ్రాసే పోస్టు వేరు, దరఖాస్తుదారులకు వ్రాసే పోస్టు వేరు. రెండూ కలిపి వండితే అది సన్మాన పత్రికే అవుతుంది.

ఆ తరువాత నేను ప్రకటన వ్రాయడానికి కూర్చుంటే పక్కన ఒక పాత చెక్కు పెట్టుకోవడం మొదలుపెట్టాను. చెక్కు మీద ఏముంటాయి? ఎవరికి, ఎంత, ఏ తేదీ, ఎవరి సంతకం. ఇందులో ఏది లేకపోయినా కౌంటరులో వెనక్కి ఇచ్చేస్తాము. పోస్టు కూడా అంతే. ఎవరికి అన్నది మొదటి వరుసలోనే ఉండాలి. వాట్సాప్‌లో గానీ ఫేస్‌బుక్‌లో గానీ పోస్టు పొడవైతే మొదటి కొద్ది వరుసలే కనిపించి, మిగిలినది "ఇంకా చదవండి" అన్న మాట వెనుక మడత పడిపోతుంది. ఆ మడత విప్పే ఓపిక పనిలో ఉన్నవారికి ఉండదు. కనుక మన ట్రస్టు చరిత్ర, వ్యవస్థాపకుల సేవ, అధ్యక్షుల వారి పేరు, ఇవన్నీ మడత కిందికి పోతే పోనివ్వండి. పెద్దలు క్షమించాలి. (ఈ మాట మీద మండలిలో కొంత వాదోపవాదం జరిగింది. చివరికి ఫోటోలు వార్షిక సంచికలో వేసుకుందామని ఒప్పుకున్నారు.)

2023లో పెట్టిన పోస్టు చదివి వినిపిస్తాను.

"మీ అబ్బాయి గానీ అమ్మాయి గానీ పదో తరగతి పాసై ఈ ఏడాది ఐటీఐ, డిప్లొమా, పదకొండో తరగతిలో చేరుతున్నారా? ఫీజుకు ట్రస్టు సాయం చేస్తుంది. చివరి తేదీ 2023 జూలై 31, సోమవారం సాయంత్రం 6 గంటలు. తేవలసినవి: మార్కుల జాబితా, ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీ. ఆదాయ ధ్రువపత్రం ఇంకా రాకపోతే, దానికి దరఖాస్తు పెట్టిన రసీదుతో రండి. దరఖాస్తుకు రుసుము లేదు. సందేహముంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి."

ఇందులో అలంకారం ఏమీ లేదు. రసీదుతో రండి అన్న వాక్యం మాత్రం ఊరికే చేర్చినది కాదు. ఏదో ఒక కాగితం లేదని ఎంతమంది ఇంట్లోనే ఆగిపోతారో కౌంటరులో కూర్చున్నవాడికే తెలుస్తుంది. ఖాతా తెరవడానికి వచ్చి, ఒక ఫోటో తక్కువైందని వెళ్లిపోయినవారు మళ్లీ రాకపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. మనం వ్రాసేటప్పుడు చదివేవారికి ఎక్కడ సంకోచం కలుగుతుందో ఊహించి, ఆ చోట ఒక మాట వేయాలి. అది ఆకర్షణీయమైన శీర్షిక కంటే ఎక్కువ పనిచేస్తుంది.

తేదీ సంగతి కొంచెం విస్తరించి చెప్పాలి. 2012 ఏప్రిల్ నుంచి చెక్కు గడువు ఆరు నెలల నుంచి మూడు నెలలకు తగ్గించారు. మురిగిన చెక్కు తెస్తే తీసుకోము. కాని మురిగిన పోస్టును ఆపేవారు ఎవరూ లేరు. 2019లో నేనే పెట్టిన ఒక ప్రకటనలో "చివరి తేదీ జూలై 31" అని వ్రాసి, సంవత్సరం వ్రాయడం మరచిపోయాను. అది చేతులు మారి మారి మూడేళ్ల తరువాత భివండిలో మన వాళ్ల గ్రూపులో తేలింది. సాంచాల మీద పనిచేసే ఒక తండ్రి, ఒక పూట కూలి వదులుకుని, కొడుకును వెంటబెట్టుకుని కల్యాణ్‌లో రాత్రి రైలెక్కి వచ్చాడు. ఆ ఏడాది మన గడువు పదిహేనో తేదీకే ముగిసింది. జిరాక్సు కాగితాలు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని ఆ ఇద్దరూ ఆఫీసు గుమ్మంలో నిలబడ్డారు. టీ తెప్పించాను. అంతకంటే ఏమీ చేయలేకపోయాను. తేదీ వ్రాసేటప్పుడు సంవత్సరం, వారం రెండూ వ్రాయండి. గడువు ముగిసిన రోజున "ఈ ఏడాది దరఖాస్తులు ముగిశాయి" అని ఇంకొక పోస్టు పెట్టండి. ఈ రెండో పని ఎవరూ చేయరు.

ఇక భాష, లిపి. మన షోలాపూర్‌లో తరాల నాడు కరీంనగర్, నల్లగొండ, పాలమూరు వైపుల నుంచి మగ్గాల పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు మనవి. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, టీవీలో హిందీ. మన పిల్లలు చాలామంది తెలుగు మాట్లాడతారు, అక్షరాలు రావు. వారికి అక్షరాలు నేర్పడం మన సంఘం చేయవలసిన వేరే పని. ఫీజు గడువు తరుముకొస్తున్నప్పుడు ఆ పాఠం పెట్టకూడదు. అందుచేత ప్రకటన తెలుగు లిపిలో ఒకటి, మరాఠీలో ఒకటి, వేరు వేరుగా పెడుతున్నాము. ఒకే బొమ్మలో రెండూ కుక్కితే రెండూ కనబడవు.

అక్షరాల విషయంలో సాంకేతికమైన చిక్కు ఒకటి ఉన్నది. మన సంచిక ప్రెస్సులో అను ఫాంట్లలో తయారయ్యేది. ఆ మాటలను యథాతథంగా తీసి ఫోనులో అతికిస్తే తెలుగు పోయి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తాయి. ఫోన్లు చదివేది యూనికోడ్. అందుకనే చాలా సంఘాలవారు విసుగెత్తి మొత్తం ప్రకటనను బొమ్మగా మార్చి పంపిస్తారు. నేనూ అదే చేశాను. బొమ్మలోని అక్షరాలు చిన్న ఫోనులో వేళ్లతో పెద్దవి చేసుకుని చూడాలి. అందులోని ఫోన్ నంబరును నొక్కితే కాల్ వెళ్లదు. నెల తరువాత "ఉపకార వేతనం" అని గ్రూపులో వెతికితే దొరకదు. కాబట్టి ఫోనులోనే యూనికోడ్ తెలుగులో టైపు చేయండి. బొమ్మ కావాలంటే తోడుగా పెట్టండి.

అసలు అక్షరమే రానివారి మాట ఏమిటి? ఇక్కడ నాకు దారి చూపించింది ఆ రథోత్సవం రోజు కలిసిన తల్లే. "మా చేతులు ఖాళీ ఉండయి సారూ, ఒళ్లె చాట ఉంటది. చెవులు ఖాళీ ఉంటయి" అన్నది. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు. తునికాకు కత్తిరిస్తూ, బీడీ చుట్టి దారం కడుతూ ఉండే మనిషి ఫోను పట్టుకుని చదవలేదు, వినగలదు. అప్పటి నుంచి ప్రతి ప్రకటనతో పాటు నిమిషం లోపు మాటను రికార్డు చేసి పంపిస్తున్నాము. మొదటిసారి నేనే చెప్పాను. బ్యాంకు సర్క్యులర్ చదివినట్టు వచ్చింది. రెండోసారి వాడకట్టు ఆడవాళ్లలో ఒకరి చేత, ఇంట్లో మాట్లాడే తెలుగులోనే చెప్పించాము. అది పెట్టిన సాయంత్రమే ఫోన్లు మొదలయ్యాయి. వేళ కూడా ముఖ్యమే. బీడీలు కార్ఖానాలో అప్పగించి వచ్చి, వంట మొదలుపెట్టే ముందు కాసేపు తీరిక దొరుకుతుంది. నేను పూర్వం పెట్టేది ఉదయం పదకొండింటికి, అంటే రిటైరైన వాడి తీరిక వేళ.

ఒకే పోస్టును చేతులు మార్చడం గురించి ఒక మాట. తప్పుడు వార్తలు వ్యాపించడంతో 2018లో వాట్సాప్ వారు మన దేశంలో ఒకసారికి ఐదు చోట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టారు. 2020 ఏప్రిల్ నుంచి, అప్పటికే ఎన్నో చేతులు మారి రెండు బాణాల గుర్తు పడిన సందేశమైతే, ఒకసారికి ఒక్క చోటికే పంపనిస్తున్నారు. ఆ గుర్తు చూసి జనం కూడా నమ్మరు. అందుచేత ఒక గ్రూపు నుంచి ఇంకొక గ్రూపుకు తోసేయకుండా, ప్రతి గ్రూపులో కొత్తగా, మీ పేరుతో, "మన గల్లీ వాళ్లకు" అని ఒక వరుస చేర్చి పెట్టండి. సంతకం ఉన్న చెక్కుకు ఉన్న విలువ అది. ఇన్‌స్టాగ్రామ్ చూసే పిల్లలు మీలో చాలామంది. అక్కడ ఫోటో కింద వ్రాసిన లింకు నొక్కితే తెరుచుకోదు. ఫారం లింకును ప్రొఫైల్‌లో పెట్టి, అక్కడ ఉందని చెప్పాలి. పోయిన సారి ఈ సంగతి నాకు చెప్పింది ఇక్కడ మూడో వరుసలో కూర్చున్న విద్యార్థినే.

"లైక్ చేయండి, పదిమందికి షేర్ చేయండి, లేకుంటే..." అనే ధోరణి మన ట్రస్టు పేరు మీద వద్దు. అలా అడుక్కునే పోస్టులను వెనక్కి నెట్టేస్తామని ఫేస్‌బుక్ వారు 2017 డిసెంబరులోనే ప్రకటించారు. వారు ప్రకటించకపోయినా మర్యాద కాదు.

ఇప్పుడు కొంచెం కష్టమైన విషయం. దాతలకు నమ్మకం కలగాలని మనం చెక్కు అందిస్తున్న ఫోటోలు పెడుతూ వచ్చాము. ఒక ఏడాది ఒక అబ్బాయి ఫోటో కింద "తండ్రి లేని నిరుపేద విద్యార్థి" అని నేనే వ్రాశాను. మంచి మనసుతోనే వ్రాశాను. ఆ పోస్టుకు వచ్చినన్ని స్పందనలు మరే పోస్టుకూ రాలేదు. విరాళాలు కూడా వచ్చాయి. ఆ అబ్బాయి మరుసటి ఏడాది దరఖాస్తు పెట్టలేదు. కబురు చేస్తే, హాస్టల్లో ఆ ఫోటో అందరూ చూశారని, ఇక వద్దని తల్లి చేత చెప్పించాడు. విరాళం తెచ్చిన పోస్టే విద్యార్థిని పోగొట్టింది. దీనిని ఖాతాలో ఏ వైపు వ్రాయాలో, నా వాణిజ్య శాస్త్రం చదువు నాకు చెప్పలేదు. ఇప్పుడు ఫోటో వేయాలా వద్దా అన్నది దరఖాస్తు ఫారంలోనే అడుగుతున్నాము. వద్దంటే కారణం అడగము, వేతనం తగ్గించము. పద్దెనిమిదేళ్ల లోపు వారైతే తల్లిదండ్రుల సంతకం తీసుకుంటాము. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో కూడా, ఆ వయసు పిల్లల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలని ఉన్నది.

మరి దాతలకు ఏం చూపిస్తాము అని మీరు అడగవచ్చు. లెక్క చూపించండి. ఎంత వచ్చింది, ఎందరికి ఇచ్చాము, ఎంత మిగిలింది. మూడు వరుసలు చాలు. ఈ పోస్టుకు పువ్వులు తక్కువే పడతాయి. కాని ఏటా డబ్బు పంపే పెద్దమనిషి ఒకరు నాతో అన్నారు, మీరు పంపేవాటిలో నేను పూర్తిగా చదివేది అదొక్కటే అని. లెక్కతో పాటు ఒక పిల్ల స్వయంగా చెప్పిన ఒక చిన్న సంగతి, పేరు లేకుండా, ఆమె అనుమతితో వేయవచ్చు. "ఈ డబ్బుతో డ్రాయింగ్ పరికరాలు కొన్నాను, ఇంతకు ముందు స్నేహితురాలివి అడిగి తెచ్చుకునేదాన్ని" అని ఒక విద్యార్థిని వ్రాసిచ్చిన వాక్యాన్ని నేను ఒక్క అక్షరం మార్చకుండా పెట్టాను. నేను దిద్దివుంటే చెడగొట్టేవాణ్ణి.

బ్యాంకువాణ్ణి గనుక ఒక హెచ్చరిక చేయక తప్పదు. మన ప్రకటనను తీసుకుని, ఖాతా నంబరో క్యూఆర్ కోడో మార్చి, ట్రస్టు పేరుతో తిప్పేవారు ఉండవచ్చు. అందుకని దరఖాస్తుల ప్రకటనలో డబ్బుకు సంబంధించిన కోడ్ ఏదీ వేయవద్దు. "దరఖాస్తుకు డబ్బు అడగము, ఓటీపీ అడగము" అన్న మాట ప్రతిసారీ వ్రాయండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టనక్కరలేదని మీ ఇళ్లలో కూడా చెప్పండి. ఎవరైనా మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయించండి.

పోస్టు పెట్టి ఫోను జేబులో వేసుకుంటే పని అయిపోయినట్టు కాదు. కింద ఎవరైనా "మా పాప తొమ్మిదో తరగతి, పెట్టవచ్చా?" అని అడిగితే అదే రోజు జవాబివ్వండి. పెట్టరాదు అన్న జవాబైనా సరే. ఒకరు అడిగితే అడగలేక ఊరుకున్నవారు పదిమంది ఉంటారు, వారు కూడా ఆ జవాబు చదువుతారు. ఒకే ప్రశ్న మూడుసార్లు వచ్చిందంటే తప్పు వారిది కాదు, మన పోస్టుది. ఫేస్‌బుక్‌లో దిద్దవచ్చు. వాట్సాప్‌లో పదిహేను నిమిషాల లోపే దిద్దనిస్తారు, తరువాత కొత్తది పెట్టుకోవాలి.

సమయం మించిపోతున్నది, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. 2021 నాటి నా ప్రకటనను పెద్దగా అచ్చు వేయించి ఆ గోడకు అంటించాను. పక్కనే ఎర్ర పెన్నులు ఉన్నాయి. టీ తాగిన తరువాత అందరూ వచ్చి దానిని దిద్దండి, మొహమాటం వద్దు. ఈ ఏడాది ప్రకటనకు తెలుగులో గొంతు ఇవ్వడానికి, సన్మానం పత్రిక అనుకున్న ఆ తల్లే ఒప్పుకుని ఈ సభకు వచ్చింది. డిప్లొమా ముగించిన ఆమె కూతురు మరాఠీలో చెబుతానన్నది. నాలుగు గంటలకు వెనుక గదిలో రికార్డు చేస్తాము. ఆ సమయంలో దయచేసి ఫ్యాన్లు ఆపివేసి, పిల్లలను కాసేపు బయట ఆడించగలరు.